ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: సైకిలెక్కే ముందు ఏం తొడుక్కోవాలి?

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 41. మదనపల్లెలో టమాటా వ్యాపారం. బరువు తగ్గాలని గేర్ల సైకిలు కొన్నాను. ఆదివారాలు స్నేహితులతో కలిసి హార్సిలీ హిల్స్ దాకా పోయొస్తున్నాను. పోయేటప్పుడు బాగానే ఉంటుంది. తిరిగొచ్చేసరికి పిర్రలు నొప్పి, తొడల లోపలివైపు చర్మం ఒరుసుకుపోయి మంట. రెండు రోజులు కాళ్లు ఎడం పెట్టుకుని నడవాల్సి వస్తోంది. కాటన్ డ్రాయరు, పైన ట్రాక్ ప్యాంటు, టీషర్టు వేసుకుంటాను. మెత్త ఉన్న సైకిల్ షార్ట్స్ ఐదొందల నుంచి ఎనిమిది వేల దాకా చూపిస్తున్నారు. కొనాలా? కొంటే ఏది?
- ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: కొనండి. పోనూ రానూ దాదాపు అరవై కిలోమీటర్లు, అందులో కాండ్లమడుగు క్రాస్ దాటాక కొండెక్కుడు. ఆ దారికి కాటన్ డ్రాయరు పనికిరాదు. మీ బాధలో సగం దానివల్లే వచ్చింది. నూలుగుడ్డ చెమటను తాగుతుంది కానీ తొందరగా వదలదు. తడిలో నానిన చర్మం మెత్తబడి చిన్న రాపిడికే లేచిపోతుంది. పైగా డ్రాయరు అంచు కుట్టు సరిగ్గా గజ్జల మడతలోకి వస్తుంది. నిమిషానికి డెబ్బై సార్లు పెడల్ తిప్పినా గంటకు 4,200 సార్లు ఆ కుట్టు అదే చోట రుద్దుకుంటుంది. ఇక చర్మం నిలుస్తుందా?

సైకిల్ షార్ట్స్ ఒంటికి అతుక్కుని ఉండేది సోకు కోసం కాదు, గుడ్డ కదలకుండా ఉండటానికి. లోపలి మెత్త కూర్చునే ఎముకల కింద ఒత్తిడిని పంచుతుంది, చెమటను చర్మం మీంచి లాగేస్తుంది. అందుకే దీని లోపల డ్రాయరు వేసుకోకూడదు. ఈ మాట చెప్పగానే నా గదిలో కూర్చున్నవాళ్లు ఒకసారి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, "ఏమీ లేకుండానా సార్?" అంటారు. అవును, ఏమీ లేకుండానే. లోపల డ్రాయరు ఉంటే పాత కుట్టు, పాత తడి, పాత పుండు అన్నీ అలాగే ఉంటాయి. ఖర్చు మాత్రం కొత్తది.

పూర్వం యూరప్ పందెగాళ్లు ఉన్ని నిక్కర్లలో మెత్తటి తోలుముక్క కుట్టించుకునేవారు. ఉతికితే ఆ తోలు అట్టలా బిగుసుకుపోయేది, దాన్ని మెత్తబరచడానికి కొవ్వు పూసేవారు. 1958లో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షైవర్స్ అనే రసాయన శాస్త్రవేత్త లైక్రా దారం కనిపెట్టాక ఆ ఉన్ని క్రమంగా పోయింది. తరవాత తోలు స్థానంలోకి కృత్రిమ మెత్త వచ్చింది. మీరు చూస్తున్న ఐదొందల షార్ట్స్ కూడా ఈ వంశానికి చెందినదే, కానీ అందులో మెత్త పేరుకే ఉంటుంది.

ఎంచుకోవడంలో ఎక్కువమంది పొరబడేది మందం దగ్గర. లావుగా ఉంటే సుఖం అనుకుంటారు. లావుపాటి మెత్తటి స్పాంజి గంటలోపే అణిగిపోతుంది, అణిగినది మడతపడి ఇంకో చోట ఒరుస్తుంది. మెత్తను బొటనవేలు, చూపుడువేలు మధ్య గట్టిగా నొక్కి చూడండి. వేళ్లు ఒకదానికొకటి తగిలినట్టయితే వద్దు. కొంచెం ఎదురు తిరిగి, వదలగానే మళ్లీ లేచేది మంచిది. ఎముకలు ఆనే చోట దట్టంగా, అంచులకు వచ్చేసరికి పలచబడి గుడ్డలో కలిసిపోవాలి. అంచు గట్టుగా చేతికి తగులుతుంటే ఆ గట్టే రేపు మీ తొడ మీద గీతవుతుంది. తిరగేసి మధ్యలో చేత్తో నిమిరి చూడండి, అడ్డంగా ఉబ్బిన కుట్టు ఏదీ తగలకూడదు. గుడ్డలో ఎలాస్టేన్ 15 నుంచి 20 శాతం ఉందా చీటీ మీద చూడండి. ఆడవాళ్లకు, మగవాళ్లకు మెత్త ఆకారం వేరుగా ఉంటుంది. ఇద్దరికీ సరిపోతుందని అమ్మేది ఇద్దరికీ సరిపోదు.

కొలత విషయంలో మీ ప్యాంటు నంబరు నమ్మకండి. టేపుతో నడుము, తుంటి, తొడ కొలిచి కంపెనీ పట్టికతో పోల్చుకోండి. రెండు సైజుల మధ్య పడితే, పొట్ట ఉన్నా సరే, చిన్నదే తీసుకోమంటాను. వదులైతే ముడతలు, ముడతలైతే రాపిడి. ఇంట్లో తొడుక్కుని అద్దం ముందు నిలబడి తీర్పు చెప్పకండి. నిలబడితే ఎవరికైనా ఇబ్బందిగానే ఉంటుంది, ఎందుకంటే అది వంగి కూర్చునే మనిషికి కుట్టిన బట్ట. సైకిలెక్కి హ్యాండిల్ పట్టుకుని చూడండి. లోదుస్తులు వెనక్కి తీసుకోమనే అమ్మకందార్లు ఎక్కువ, ఆ షరతు ముందే చదవండి. పొట్టమీద ఎలాస్టిక్ బిగిస్తోందనిపిస్తే భుజాల మీదుగా పట్టీలుండే బిబ్ షార్ట్స్ సుఖం. కాకపోతే దారిలో మూత్రానికి వెళ్లాల్సి వస్తే జెర్సీతో సహా విప్పుకోవాల్సి రావచ్చు.

పదిమందికీ తెలిసిన మనిషిని, అలా బిగుతు నిక్కరుతో మదనపల్లెలో బెంగళూరు బస్టాండ్ దగ్గర టీకి ఎలా నిలబడేది అంటారా? మెత్త ఉన్న లోపలి షార్ట్స్ విడిగా దొరుకుతాయి. దాని మీద మీ మామూలు నిక్కరో, కిందివైపు వదులు లేని ట్రాక్ ప్యాంటో వేసుకోండి. ధర తక్కువ, పని అదే. మన ఊళ్లలో మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

ఇక డబ్బు. వెయ్యి నుంచి రెండు వేల మధ్యలో పనికొచ్చే షార్ట్స్ దొరుకుతాయి. ఐదు వేలది ఒకటి కొనేకంటే అలాంటివి రెండు కొనండి. ఒకటి ఉతికి ఆరేసరికి రెండోది సిద్ధంగా ఉంటుంది, ఉతకనిదాన్ని మళ్లీ తొడుక్కునే అవసరం రాదు. మిగిలినదాంట్లో జెర్సీ కొనండి. జెర్సీ చవకదైనా చర్మం క్షమిస్తుంది, షార్ట్స్ విషయంలో క్షమించదు. మీ స్నేహితుల్లో చాలామంది దీనికి తలకిందులుగా, రంగురంగుల జెర్సీకి మూడు వేలు పోసి కింద పాత ట్రాక్ ప్యాంటుతో వస్తుంటారు, గమనించండి.

ఒక్క మాట మిగిలింది. సీటు ఎత్తు సరిగా లేకపోతే ఏ షార్ట్సూ కాపాడలేదు. సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద పెట్టి కిందికి తిప్పితే కాలు నిటారుగా రావాలి. అంతకన్నా ఎత్తుంటే తుంటి అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊగుడే ఒరుపు. కొండ దిగొచ్చాక టిఫిన్ సెంటర్లో తడి షార్ట్స్‌తోనే గంటసేపు కూర్చోకండి. పొడి లుంగీ ఒకటి సంచిలో ఉంచుకోండి. ఒరుసుకున్న చోట సబ్బుతో రుద్దకుండా నీళ్లతో కడిగి, తడి అద్ది, పెట్రోలియం జెల్లీ పలచగా రాసి, మానేదాకా సైకిలు ఆపండి. పౌడరు వద్దు, చెమటలో ముద్దకట్టి ఇంకా గీరుతుంది.

ప్రశ్న: మాది కుప్పం. వయసు 22, కాలేజీలో చదువుతున్నాను. సైకిల్ షార్ట్స్ వాడటం మొదలుపెట్టాక గజ్జల్లో ఎర్రటి గుండ్రటి మచ్చలు, దురద. మెడికల్ షాపులో ట్యూబు ఇచ్చారు. రాస్తే రెండు రోజుల్లో తగ్గుతుంది, ఆపితే ఇంకా పెద్దగా వస్తోంది. షార్ట్స్ గుడ్డ నాకు పడలేదా? మాది చల్లటి ప్రాంతం కదా, చెమట తామర అనడానికి కూడా లేదు.
- ఒక పాఠకుడు, కుప్పం

జవాబు: గుడ్డ పడకపోతే గుడ్డ తగిలిన చోటంతా కందుతుంది. గుండ్రంగా, అంచు ఎర్రగా, మధ్యలో తేరుకున్నట్టు ఉంటే అది చాలావరకు తామరే. మీ ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్ లాంటి పేరు ఉంటే అది స్టెరాయిడ్ కలిపిన పూత. స్టెరాయిడ్ దురదను అణుస్తుంది, ఎరుపును తగ్గిస్తుంది, ఫంగస్‌ను మాత్రం పెంచి పోషిస్తుంది. తగ్గిందని మీరనుకున్న రెండు రోజుల్లో అది చల్లగా పాకింది. గజ్జల్లో చర్మం పలచన కాబట్టి నెలల తరబడి రాస్తే మానని చారలు కూడా పడతాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చింది. అయినా అడిగినవాళ్లకల్లా చేతికొస్తూనే ఉన్నాయి.

ఇంకో చిక్కుంది. మన దేశంలో మామూలు మందుకు లొంగని తామర ఫంగస్ ఒకటి బాగా వ్యాపించింది. 2020లో దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరే పెట్టారు. అందువల్ల పక్కింటాయనకు పనిచేసిన మాత్ర మీకు పనిచేస్తుందని లేదు. ట్యూబు ఆపేసి చర్మ వైద్యుడిని కలవండి. గీరి సూక్ష్మదర్శినిలో చూస్తే తేలిపోతుంది. మచ్చ కనబడకుండా పోయినా, చెప్పినన్ని వారాలు మందు వాడాలి. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే వాళ్లకూ ఒకేసారి వైద్యం జరగాలి.

చల్లటి ప్రాంతం అన్నారు. నిజమే, ఈ ఎత్తుభూముల గాలిని నమ్ముకునే వందేళ్ల కిందట మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ రోగులకు శానిటోరియం పెట్టారు. కానీ ఆ గాలి మీ షార్ట్స్ మెత్త లోపలికి పోదు. అక్కడ ఎప్పుడూ వానాకాలమే. సైకిలు దిగిన అరగంటలో విప్పి స్నానం చేయండి, మడతలు పొడిగా తుడుచుకోండి. తువ్వాలు ఎవరితోనూ పంచుకోవద్దు, హాస్టల్లో ఉంటే మరీను. మీకు మొలతాడు ఉందా? చెమట, ఫంగస్ రెండూ దాంట్లో నిలవుంటాయి, దాని మీద బిగుతు షార్ట్స్ వస్తే నడుం చుట్టూ తామర దండ వేస్తుంది. తామర మానేదాకా తీసేయండి. ఆచారం అడ్డొస్తే మానిన రోజు కొత్తది కట్టుకోండి.

షార్ట్స్‌ను తిరగేసి, మెత్త పైకి వచ్చేలా, మామూలు సబ్బుపొడితో చల్లటి నీళ్లలో ఉతకండి. వాసన కోసం కలిపే కండిషనర్లు వేస్తే గుడ్డ చెమట లాగే గుణం పోతుంది. బండకేసి బాదొద్దు, పిండేటప్పుడు మెత్తను మెలితిప్పొద్దు. తిరగేసే ఆరేయండి, మెత్త లోపలిదాకా ఆరడానికి పైగుడ్డ కంటే చాలాసేపు పడుతుంది. తామర పూర్తిగా తగ్గేవరకు సైకిలు పక్కన పెట్టడమే మేలు.

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. పుంగనూరు పక్కన పల్లె మాది, రోజూ నాలుగు కిలోమీటర్లు బడికి సైకిల్లో పోతుంది. తొడలు ఒరుసుకుపోతున్నాయని ఈమధ్యే నాతో చెప్పింది. మెత్త షార్ట్స్ కొనివ్వాలా? బయటున్న రోజుల్లో సైకిలు తొక్కితే గర్భసంచికి మంచిది కాదని మా అత్తమ్మ ఆపేస్తోంది. ఏం చేయాలి?
- ఒక తల్లి, పుంగనూరు

జవాబు: అమ్మా, పాప మీతో చెప్పుకుంది, అది మంచిది. చాలామంది పిల్లలు చెప్పరు. నాలుగు కిలోమీటర్లకు మెత్త షార్ట్స్ అక్కర్లేదు, తరగతిలో రోజంతా దాని మీద కూర్చోవడం ఇంకా కష్టం. చుడీదార్ ప్యాంటు కింద, మోకాలికి కొంచెం పైదాకా వచ్చే మెత్త లేని సాగే షార్ట్స్ చాలు. నూరు, రెండొందల్లో వస్తాయి. తొడల మధ్య కుట్టు నాలుగు ముక్కలు ఒకేచోట కలిసేట్టు కాకుండా, ఆ మధ్యలో విడిగా ఒక ముక్క వేసి కుట్టినవి చూసి తీసుకోండి. మూడు జతలుంటే రోజూ ఉతికినదే వేసుకోవచ్చు. చున్నీ చక్రంలో పడకుండా కట్టుకుంటోందా అన్నదీ చూడండి.

ఆ రోజుల్లో సైకిలు తొక్కితే గర్భసంచికి ఏమీ కాదు. కొంతమందికి కదలిక వల్ల పొత్తికడుపు నొప్పి తగ్గుతుంది కూడా. నొప్పి ఎక్కువై, రక్తస్రావం ఎక్కువై తనే వద్దంటే మానేయొచ్చు. ప్యాడ్ జరగకుండా ఈ బిగుతు షార్ట్సే పట్టి ఉంచుతుంది. బడికి చేరగానే మార్చుకునే వీలుందా అని టీచరమ్మను అడగండి, తడి ప్యాడ్ మీద గంటలు కూర్చుంటేనే ఒరుపు ఎక్కువవుతుంది. అత్తమ్మకు డాక్టరు చెప్పాడని నా మాటగా చెప్పండి. ఇంకొకటి, సీటు పాప ఎత్తుకు తగ్గించారా? బడిలో ఇచ్చిన సైకిలైతే అది వచ్చిన ఎత్తుకే ఉండిపోయి ఉంటుంది.

ప్రశ్న: రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ని, 63 ఏళ్లు, షుగరు ఉంది. అరగంట సైకిలు తొక్కాక మర్మాంగం దగ్గర తిమ్మిరెక్కుతోంది. జెల్ సీటు కవరు, దాని మీద లావు మెత్త షార్ట్స్ వాడినా తగ్గలేదు.
- ఒక పాఠకుడు, మదనపల్లె

జవాబు: సార్, రెండూ కలిసే పెంచుతున్నాయి. మెత్తటి కవరులోకి ఎముకలు దిగిపోయి, మధ్య భాగం పైకి పొడుచుకొచ్చి అక్కడి నరాన్ని, రక్తనాళాలను నొక్కుతుంది. కవరు తీసేయండి. సీటు ముక్కు పైకి లేచి ఉంటే సమంగా దించండి. వెనక భాగం మీ ఎముకల వెడల్పుకు సరిపోయి, మధ్యలో గాడి ఉన్న సీటుకు మారండి. షార్ట్స్‌లో కూడా మధ్యలో పల్లం ఉన్న, పలచటి గట్టి మెత్త చాలు. పది నిమిషాలకోసారి పెడల్ మీద లేచి నిలబడండి. షుగరు ఉన్నవారికి ఒరుసుకున్నది నొప్పి తెలియకుండానే పుండవుతుంది, కాబట్టి స్నానం చేసేటప్పుడు అద్దం పట్టుకుని చూసుకోండి. సైకిలు దిగిన కాసేపటికీ తిమ్మిరి పోకపోయినా, మూత్రం పోవడంలో తేడా వచ్చినా వెంటనే పరీక్షకు రండి. సెగగడ్డ లేచి జ్వరం వస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు.

ప్రశ్న: హార్సిలీ హిల్స్ ఎక్కేటప్పుడు చెమటలు, దిగేటప్పుడు వణుకు. ఏ జెర్సీ మంచిది?
- ఒక పాఠకుడు, పుంగనూరు

జవాబు: మదనపల్లె ఎత్తు సుమారు 700 మీటర్లు, కొండపైన 1,265. పైన మూడు నాలుగు డిగ్రీలు తక్కువ, దిగేటప్పుడు గాలి అదనం. తడిసిన కాటన్ టీషర్టుతో దిగితే వణుకు రాక ఏమొస్తుంది? పలచటి పాలిస్టర్ జెర్సీ, పూర్తిగా తెరుచుకునే జిప్పు, వెనక మూడు జేబులు, నడుం దగ్గర పైకి జారకుండా పట్టీ ఉంటే చాలు. ఎక్కేటప్పుడు జిప్పు తీయండి, దిగేముందు మెడదాకా లాగండి. నలుపు వద్దు, తెల్లవారుజామున లారీ డ్రైవరుకు కనబడే పసుపో నారింజో, వెనక మెరిసే పట్టీతో తీసుకోండి. ఎండకు చేతులు కమిలితే పొడుగు చేతులది లేదా విడి చేతితొడుగులు. జేబులో నీళ్ల సీసా, అరటిపండు పెట్టండి, గట్టి తాళంచెవుల గుత్తి మాత్రం వెన్నెముక మీదకు వచ్చే మధ్య జేబులో వద్దు. పడితే అదే గుచ్చుకుంటుంది. గాలి ఆపే కోటు కొనేదాకా, కొండమీద టీ తాగిన చోట ఒక పాత పేపరు అడిగి మడిచి జెర్సీలో ఛాతీ మీద పెట్టుకుని దిగండి. టూర్ ద ఫ్రాన్స్ పందెగాళ్లు ఆల్ప్స్ కొండలు దిగేటప్పుడు చేసింది అదే.