మెరకా పల్లమూ చూసి

బెంజ్ సర్కిల్,
విజయవాడ

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయిని పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

మీ ఇద్దరికీ ఇటే ఉద్యోగాలు వచ్చాయని మీ నాన్న ఫోన్ చేసి చెప్పగానే మీ పెద్దమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. నీకు మంగళగిరి ఎయిమ్స్‌లో, అల్లుడికి కేసరపల్లిలో. ఒకటి కృష్ణకి అవతల, ఒకటి గన్నవరం దారిలో. రెండింటికీ నడుమ బెంజ్ సర్కిల్ ఉంది కాబట్టి మా చుట్టుపక్కలే ఏదైనా చూడమన్నావు. నువ్వు పంపిన ప్రకటనలన్నీ చదివాను. ఒకటి నున్న వైపు స్థలం, ఒకటి యనమలకుదురులో నది కనబడే ఫ్లాటు, ఒకటి పోరంకిలో, ఒకటి తాడేపల్లిలో. అన్నింటిలోనూ బెంజ్ సర్కిల్ నుంచి ఎన్ని నిమిషాలో రాశారు. ఇక్కడ ఇల్లు అమ్మేవాళ్లు దూరాన్ని ఈ కూడలి నుంచే కొలుస్తారు. బందరు రోడ్డూ చెన్నై-కోల్‌కతా హైవే కలిసే చోటు గనక అది వాళ్లకి సహజమే.

నేను ఉద్యోగమంతా కాలువ గట్ల మీద తిరిగినవాణ్ణి. నా కొలత వేరు. ఆ ఇంటికి బుడమేరు ఎంత దూరం? కృష్ణ ఎంత దూరం? వాటికంటే ఇల్లు ఎంత మెరకలో ఉంది? కురిసిన వాన ఎటు పోతుంది? అమ్మా, ముందు ఇది తేల్చుకో. ఆఫీసు దూరం సంగతి తర్వాత చూద్దాం.

బయటి నుంచి వచ్చేవాళ్లకి బెజవాడ అంటే కృష్ణే కనబడుతుంది. అమ్మవారి కొండ, ప్రకాశం బ్యారేజీ, భవానీ ద్వీపం. ఈ ఊరిని ఎక్కువ ఏడిపించింది మాత్రం బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి, ఊరికి ఉత్తరాన సాగి, కొల్లేరులో కలుస్తుంది. ఏడాదిలో చాలా రోజులు గుర్రపుడెక్క నిండి, కదలిక లేకుండా పడి ఉంటుంది. దాన్ని చూసి ఇది ఏరు అని ఎవరూ అనుకోరు. అందుకే దాని గట్ల మీదా కడుపులోనూ ఇళ్లు లేచాయి. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, వరదని అక్కడి నుంచి మళ్లించి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపేలా డైవర్షన్ ఛానల్ తవ్వారు. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల గోదావరి నీళ్లు కృష్ణలో పడుతున్నదీ ఆ దారినే. మంచి ఏర్పాటే. కానీ కృష్ణే నిండుగా పోతున్న రోజున ఆ ఛానల్ నీళ్లు అందులోకి దిగవు, వెనక్కి ఎగదన్నుతాయి. పాత దారిన కొల్లేరుకి పోదామంటే ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కిందుగా ఉన్న టన్నెల్‌లోంచి దూరి పోవాలి. ఎగువ నుంచి వచ్చేది ఎక్కువ, కింద పోయే దారి ఇరుకు. ఈ రెండు చిక్కులూ ఒకే రోజున కలిస్తే ఏమవుతుందో 2024లో చూశాం.

ఆగస్టు 31న కుండపోత. మరునాడు ఆదివారం తెల్లవారేసరికి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ నీళ్లలో ఉన్నాయి. డైవర్షన్ ఛానల్ గట్టుకి గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చడానికి సైన్యం కూడా రావలసి వచ్చింది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల 40 వేల క్యూసెక్కుల దాకా వెళ్లింది. 1957లో బ్యారేజీ పూర్తయిన నాటి నుంచి అంత వరద రాలేదు. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. సింగ్ నగర్ వీధుల్లో నీళ్లు రోజుల తరబడి దిగలేదు. మనుషులు మేడల మీద నుంచి తాళ్లతో బకెట్లు దించి పాలూ మందులూ అందుకున్నారు.

మన ఇంట్లో పనికి వచ్చే ఆమెది రాజరాజేశ్వరిపేట. కొత్తగా కొన్న ఫ్రిజ్జు, పిల్లల సర్టిఫికెట్లు, కుట్టు మిషను, బియ్యం బస్తా అన్నీ పోయాయి. పిల్లల్ని మాత్రం పై వాటాకి చేర్చుకోగలిగింది. ఆమె అక్కడ ఉండేది తెలియక కాదమ్మా. మన పటమటలోనూ లబ్బీపేటలోనూ అద్దె కట్టలేదు. మనలాంటి వాళ్ల ఇళ్లకి పొద్దున్నే ఆటోలో వచ్చిపోగలిగేంత దగ్గరలో ఆమె చేతికి అందేది అదొక్కటే. ఆటోనగర్‌లో బాడీలు కట్టే మేస్త్రీలదీ, వన్‌టౌన్ మార్కెట్లో బస్తాలు మోసేవాళ్లదీ అదే సంగతి. ఈ సంగతి ఎందుకు రాస్తున్నానంటే, నీకు ఎంచుకునే వీలుంది. ఆ వీలు లేనివాళ్లకి నీ ఎంపిక వల్ల కీడు జరగకూడదు.

నున్న వైపు స్థలం గురించి నా అభ్యంతరం అక్కడే మొదలవుతుంది. చవగ్గా వస్తుందని మీ నాన్న ముచ్చటపడుతున్నాడు. చవక ఎందుకో అడిగాడా? ఆ పక్క అంతా పనికిరాదని నేననను. నున్నలో మెరక భాగాలున్నాయి. నువ్వు పంపిన ఫోటోలో మాత్రం రోడ్డుకి రెండు వైపులా తుంగ పెరిగి ఉంది, స్థలంలో కొత్త మట్టి పోశారు. తుంగ ఉన్నచోట నీరు నిలబడుతుంది. నిండు గిన్నెలో రాయి వేస్తే నీళ్లు ఎలా పొర్లుతాయో, ముంపు నేలని మట్టి పోసి లేపితే ఆ నీళ్లు అలాగే పక్కవాడి గుమ్మం ఎక్కుతాయి. నీ ఇల్లు ఆరడుగుల మెరక మీద పొడిగా ఉండొచ్చు. వెనక వీధిలో రేకుల ఇల్లు మునుగుతుంది. ఎంత చవగ్గా వచ్చినా అలాంటిది కొనవద్దు. ఇది పెదనాన్న మాటగా కచ్చితంగా తీసుకో.

ఇక యనమలకుదురు. బాల్కనీలోంచి కృష్ణ కనబడుతుందని రాశావు. ఆ ఆశ నాకు అర్థమవుతుంది. సాయంత్రం పూట కరకట్ట మీద గాలి పీల్చినవాళ్లెవరూ దాన్ని మరిచిపోరు. ఒకప్పుడు ఎగువ నుంచి నీళ్లు వదిలారంటే రాణిగారి తోట, తారకరామ నగర్, రామలింగేశ్వర నగర్ జనం మూటలు కట్టుకునేవాళ్లు. 2009 అక్టోబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు చూశాం. తర్వాత దఫాలుగా రిటైనింగ్ వాల్ కట్టారు. 2024లో నది ఒడ్డునున్న కృష్ణలంక నిలబడింది ఆ గోడ వల్లే. పార్టీలు దాని ఘనత గురించి పోట్లాడుకుంటాయి గానీ, నా లెక్కలో ఈ ఊరికి ఇటీవల జరిగిన మంచి పనుల్లో అది ముందు వరసలో ఉంటుంది. అయితే గోడకి కూడా ఒక షరతు ఉంది. నది గోడని ఒరుసుకుని పోతున్నప్పుడు లోపల కురిసిన వాన బయటికి పోలేదు. మోటార్లు పెట్టి తోడాల్సిందే. కాబట్టి అక్కడ తీసుకుంటే మొదటి అంతస్తుకి తగ్గకూడదు. గోడకీ నదికీ మధ్య కట్టింది ఏదైనా సరే, ఎంత అందంగా ఉన్నా, ఎవరి సంతకం ఉన్నా వద్దు.

నీ చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకి వచ్చి కాలువలు ఎండిపోయాయేమని అడిగేదానివి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, మూడూ ఊరి మధ్యగా పోతాయి. 1850ల్లో కాటన్ దొర హయాంలో ఆనకట్ట కట్టాక డెల్టాకి నీళ్లు పోయేది వీటిలోనే. వేసవిలో కాలువలు కట్టేస్తారు. అప్పుడు మురుగు మాత్రమే మిగిలి దోమలు పెరుగుతాయి. కాలువ ఒడ్డున ఫ్లాటు చూస్తే ఇప్పుడే, ఈ ఎండల్లో, సాయంత్రం ఆరింటికి కిటికీ తెరిచి ఓ గంట కూర్చో. జూన్ తర్వాత నీళ్లు పారుతున్నప్పుడు చూస్తే అన్నీ బాగానే ఉంటాయి.

కొండ పక్కన ఇల్లంటే ముంపు భయం ఉండదనుకోవద్దు. మొగల్రాజపురంలో అదే ఆగస్టు 31న కొండచరియ విరిగి ఇళ్ల మీద పడి మనుషులు పోయారు. మొగల్రాజపురం నాకు ఎంతో ఇష్టమైన పేట. పాత గుహలున్నాయి, సిద్ధార్థ కాలేజీ ఉంది, చెట్లున్న వీధులున్నాయి. కొండని తొలిచిన చోటుకి ఆనుకున్న ఇల్లు తప్పించి, రోడ్డు వైపు వచ్చినది చూసుకోవచ్చు. మీ అత్తగారి మోకాళ్ల నొప్పులు కూడా గుర్తుపెట్టుకో. మెట్ల వీధులు ఆవిడ వల్ల కావు.

పోరంకి, కానూరు, పెనమలూరు వైపు ఒకప్పుడు వరి, చెరుకు పండేవి. నల్లరేగడి నేల. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. అపార్ట్‌మెంట్ కట్టినవాళ్లని మట్టి పరీక్ష కాగితం, పునాది ఎంత లోతున వేశారో తెలిపే ప్లాను చూపించమను. దాస్తే లేచి వచ్చేయ్. చేలల్లో ఉన్న బోదెల్ని చాలాచోట్ల పూడ్చి రోడ్లు వేశారు. వాన నీళ్లు మాత్రం ఇప్పటికీ ఆ బోదె ఉన్న చోటుకే వెతుక్కుంటూ వస్తాయి. పాత గ్రామపటం చూస్తే ఇదంతా తెలుస్తుంది. అది నేను చూసిపెడతాను. నిజం చెప్పాలంటే, స్కూళ్లు, ఆసుపత్రులు, నీ కొడుకు ఆడుకోవడానికి కాస్త జాగా, ఇవన్నీ లెక్కలో పెట్టుకుంటే సొంతానికి కానూరు వైపే మీకు కుదురుతుందని నాకు అనిపిస్తోంది.

తాడేపల్లి సంగతి కొంచెమే రాస్తాను. నీకు ఉద్యోగం దగ్గరవుతుంది, అల్లుడికి దూరం. పొద్దున పూట కనకదుర్గ వారధి దాటడం అతనికి రోజూ పరీక్షే. ఉండవల్లి వైపైతే కొండవీటి వాగు ఉంది. కృష్ణ నిండితే అదీ ఎగదన్నుతుంది. దాన్ని తోడి నదిలో పోయడానికి 2018లో పెద్ద పంపుహౌస్ పెట్టారు. చిన అవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా కృష్ణ దాటి కాజ దగ్గర కలిసే పడమటి బైపాస్ పూర్తిగా వాడుకలోకి వస్తే ఈ దూరాల లెక్కలు మారతాయి. బెంజ్ సర్కిల్‌కి దగ్గరని ఇవాళ నువ్వు ఎక్కువ పోసే డబ్బుకి అప్పుడు అంత విలువ ఉండకపోవచ్చు.

మా చుట్టుపక్కల మంచీ చెడూ రెండూ చెప్తాను. మాకు బుడమేరు రాదు. 2024లో బెంజ్ సర్కిల్ చుట్టూ రోడ్ల మీద వాన నీళ్లు నిలిచి బళ్లు ఆగిపోయాయి గానీ ఆ నీళ్లు తొందరగానే తీశాయి. ఫ్లైఓవర్ కట్టాక హైవే లారీలు పైనుంచి పోతున్నా, హారన్ల మోత రాత్రి కూడా ఆగదు. హైవే నుంచి కనీసం నాలుగు వీధులు లోపలికి రావాలి. పటమట రైతుబజారు నడిచి వెళ్లేంత దూరం. జబ్బు చేస్తే సూర్యారావుపేట డాక్టర్లు దగ్గర. జనవరిలో పుస్తకాల పండగ, లబ్బీపేటలో వెంకన్న గుడి. అద్దె ఎక్కువే. సెల్లారు ఉన్న బిల్డింగైతే కరెంటు మీటర్లూ జనరేటరూ ఎక్కడ పెట్టారో చూడు. సెల్లారులో పెట్టి ఉంటే ఒక్క వానకి లిఫ్టూ నీళ్ల మోటారూ రెండూ ఆగిపోతాయి. మీ అత్తగారు నాలుగో అంతస్తులో చిక్కుకుంటారు. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతోంది గనక పాత బిల్డింగుల గ్రౌండ్ ఫ్లోర్లు రోడ్డుకంటే పల్లమైపోయాయి. గుమ్మం ముందు నిలబడి రోడ్డు వంక చూడు, నీకే తెలుస్తుంది.

ఏ పేటకి వెళ్లినా ఓనరుని అడిగే ముందు ఇస్త్రీ బండి అతన్ని, కిరాణా కొట్టతన్ని, వాచ్‌మన్ భార్యని అడుగు. "2024లో నీళ్లు ఎందాకా వచ్చాయి?" అంటే చాలు, చెయ్యి గోడ మీద పెట్టి చూపిస్తారు. "2005లో?" అని కూడా అడుగు. అప్పుడూ బుడమేరు పొంగింది. మళ్లీ రంగులేసిన గోడ ఏమీ చెప్పదు, ఆ మనిషి చెయ్యి చెప్తుంది.

ఇప్పుడు వేసవి. ఊరంతా పొడిగా ఉంది. ఈ నెలలో వచ్చి కొనేద్దామనుకోవడం తగదు. ముందు ఒక వానాకాలం అద్దెకుండండి. మా వీధిలోనే రెండు పడగ్గదుల వాటా ఒకటి ఖాళీ అవుతోంది, మొదటి అంతస్తు, లిఫ్టు ఉంది. ఇంటావిడతో మాట్లాడాను. జూన్ ఒకటి దాకా ఎవరికీ ఇవ్వనంది. జూలై, ఆగస్టు నెలల్లో గట్టి వాన పడ్డ మరునాడు మనం ముగ్గురం స్కూటర్ల మీద కానూరు, పోరంకి, గుణదల వీధులు తిరుగుదాం. చెప్పులు పాతవి తెచ్చుకో. దసరా నాటికి రెండు మూడు ఇళ్లు మిగులుతాయి, అప్పుడు ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు మనకి తెలిసిన వకీలుకి చూపిద్దాం. అంతవరకూ ఎవరికీ బయానా ఇవ్వకండి, మీ నాన్న ఎంత తొందరపెట్టినా సరే. వాడితో నేను మాట్లాడతాను.

ఆ వాటా కావాలంటే ఈ నెలాఖరులోగా పెద్దమ్మకి ఫోన్ చెయ్యి. మీ అత్తగారికి నమస్కారాలు చెప్పు. చిన్నాడికి ముద్దులు.

ఆశీస్సులతో,
పెదనాన్న