సమాన శ్రమ - సమాన వేతనం

ఒక నాటకం రక్తి కట్టాలంటే నాయకుడొక్కడే చాలడు. బృందంలోని ప్రతి పాత్రధారీ తన వంతు శ్రమను ధారపోయాలి. మరి ఆ శ్రమకు ప్రతిఫలం అందరికీ సమానంగా ఉండాలా? 2017లో అమెరికా టెలివిజన్ రంగంలో ఈ ప్రశ్న చర్చనీయాంశమైంది.

సీబీఎస్ సంస్థ 2010లో ప్రారంభించిన 'హవాయీ ఫైవ్-0' ఒక నేర పరిశోధక బృందం కథ. అందులో చిన్ హో కెల్లీగా డేనియల్ డే కిమ్, కోనోగా గ్రేస్ పార్క్ ఏడు సీజన్లపాటు నటించారు. ఇద్దరూ కొరియా సంతతివారు. శ్వేతజాతీయులైన సహనటులు అలెక్స్ ఓలాఫ్లిన్, స్కాట్ కాన్‌లతో సమానమైన పారితోషికం కోరారని వార్తలు వెలువడ్డాయి. గణనీయమైన పెంపుదల ఇవ్వజూపామని సంస్థ ప్రకటించింది. కాని ఒప్పందం కుదరలేదు. ఎనిమిదవ సీజన్‌కు ముందే ఇద్దరూ వైదొలిగారు. సమానత్వానికి చేర్చే బాట సుగమం కాదని కిమ్ అభిమానులకు తెలియజేశారు. ధారావాహిక మాత్రం వారు లేకుండానే 2020 వరకు సాగింది.

'ఫ్రెండ్స్' నటుల అనుభవం దీనికి భిన్నమైనది. ఆ ఆరుగురూ ఒక్కమాటపై నిలిచారు. 2002 ఒప్పందం ప్రకారం ఒక్కొక్కరికీ ఎపిసోడుకు 10 లక్షల డాలర్లు లభించాయి. ఆరుగురినీ వదులుకుంటే ధారావాహికే ఉండదు. ఇద్దరు వెళ్లిపోతే కథను మార్చుకోవచ్చు. ఐకమత్యం విలువ ఇక్కడే తెలుస్తుంది.

పెంపుదల వేరు, సమానత్వం వేరు. మొదటిది జేబును నింపుతుంది. రెండవది గౌరవాన్ని నిలుపుతుంది.

అభ్యాసం
1. పెంపుదలకు, సమానత్వానికి గల భేదాన్ని వివరించండి.
2. 'ఫ్రెండ్స్' నటుల విజయానికి కారణమేమి?
3. సొంతవాక్యాలలో ప్రయోగించండి: రక్తి కట్టు, ధారపోయు, ఒక్కమాటపై నిలుచు.