దైవభీతి తెరిచే దారి

కష్టాలు చుట్టుముట్టినప్పుడు మన ఇళ్ళలో ఎక్కువగా గుర్తుకువచ్చేవి సూరహ్ తలాఖ్‌లోని 2, 3 ఆయతులు. తనకు భయపడుతూ నడుచుకునేవానికి అల్లాహ్ ఇబ్బంది నుండి బయటపడే దారి చూపుతాడనీ, అతను ఊహించని వైపు నుండి ఉపాధి ప్రసాదిస్తాడనీ, తనను నమ్ముకున్నవానికి తానే చాలుననీ వాటిలో వాగ్దానం ఉంది. అప్పు తీరాలని, ఉద్యోగం దొరకాలని ఎందరో వీటిని పఠిస్తూ ఉంటారు. మంచిదే. కాని ఈ వాగ్దానం ఏ సందర్భంలో చేయబడిందో ఎప్పుడైనా గమనించామా?

అది వ్యాపారం గురించి చెబుతున్న సందర్భం కాదు. భార్యాభర్తలు విడిపోయే సందర్భం! ఇద్దత్ గడువును సరిగా లెక్కించండి, ఆ గడువులో స్త్రీని అన్యాయంగా ఇంటి నుండి వెళ్ళగొట్టకండి, ఉంచుకున్నా విడిచిపెట్టినా మంచిరీతిలోనే చేయండి, న్యాయవంతులైన ఇద్దరిని సాక్షులుగా పెట్టుకోండి అని ఆజ్ఞాపించిన తరువాతే ఈ శుభవార్త వచ్చింది. కోపం రగులుతున్నప్పుడు, బలం తన చేతిలోనే ఉన్నప్పుడు, ఎదుటి మనిషి హక్కును కాజేయకుండా ఆగిపోవడమే ఇక్కడ దైవభీతి. అలా ఆగినవానికే ఆ దారి.

దైవప్రవక్త (సఅసం) చెప్పిన ముగ్గురు బాటసారుల గాథ కూడా ఇదే బోధిస్తోంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఆ ముగ్గురూ ఒక గుహలో తలదాచుకున్నారు. పెద్ద బండరాయి దొర్లిపడి గుహ ద్వారం మూసుకుపోయింది. అప్పుడు వారు కేవలం అల్లాహ్ కోసం చేసిన పనులను విన్నవించుకుంటూ దుఆ చేశారు.

ఒకతను వృద్ధులైన తల్లిదండ్రుల కోసం పాలు తెచ్చేసరికి వారు నిద్రపోయారు. కాళ్ళ దగ్గర పిల్లలు ఆకలితో ఏడుస్తున్నా, తెల్లవారేవరకు పాలపాత్ర పట్టుకొని నిలబడ్డాడు. రెండో అతను కరువులో చేయిచాచిన తన బంధువు స్త్రీకి 120 దీనార్లు ఇచ్చి లొంగదీసుకోబోయాడు. అల్లాహ్‌కు భయపడమని ఆమె అనగానే లేచిపోయాడు, డబ్బునూ ఆమెకే వదిలేశాడు. మూడో అతను, కూలి తీసుకోకుండా వెళ్ళిపోయిన పనివాని సొమ్మును వృద్ధిచేసి, అతను తిరిగివచ్చినప్పుడు పశువుల మందలతో సహా మొత్తం అప్పగించాడు. ఒక్కొక్కరి దుఆతో బండ కొంచెం కొంచెం జరిగింది. చివరికి ముగ్గురూ నడిచి బయటికొచ్చారు.

ఒక్కసారి ఆలోచించండి. వృద్ధులు, నిస్సహాయురాలు, కూలీ... ఈ ముగ్గురిలో హక్కు కోసం నిలదీయగల శక్తి ఎవరికుంది? అడిగేవారు లేని చోట కూడా అల్లాహ్ చూస్తున్నాడని నమ్మినవారి మొరే ఆ గుహలో ఆలకించబడింది.

తవక్కుల్ అంటే చేతులు ముడుచుకొని కూర్చోవడం కాదు. హరామ్ దారి సులభంగా కనిపిస్తున్నా, హలాల్ దారిలో నష్టం కనిపిస్తున్నా, అల్లాహ్ మాటనే నమ్మి అడుగు వేయడం. ఆ సహాయం మనం అనుకున్న రోజునే రాకపోవచ్చు. ప్రతిదానికీ అల్లాహ్ ఒక లెక్క నిర్ణయించి ఉంచాడని మూడో ఆయతే చెబుతోంది.

సోదర సోదరీమణులారా! దుఆ కోసం చేతులెత్తే ముందు మన ఇంటిని ఒకసారి చూసుకుందాం. చెల్లెలికి తండ్రి ఆస్తిలో రావలసిన వాటా ఇచ్చామా? భార్యకు మహర్ చెల్లించామా? పనిమనిషి జీతం ఆపి ఉంచామా? మన దారికి అడ్డుపడిన బండ వీటిలో ఏదైనా కావచ్చు.

హక్కుదారుల హక్కులు తీర్చి, తనపైనే భారం వేసే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.