కొల్లేటి లంకలు

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలలో ప్రత్తిని, మిరపను పండించు రైతు వానకొఱకు ఆకాశమువంక చూచుచుండును. ఆ నేలలకు ఈశాన్యమున, కృష్ణానదిని దాటి కొంతదూరము పోయినచో, నీటినడుమ పుట్టి నీటినడుమనే పెరుగు జనులు కనబడుదురు. వారు కొల్లేటి లంకవాసులు. వాన కురియకున్నచో వారికి చేపలు లేవు. మితిమీఱి కురిసినచో నిలువ నీడ లేదు.

కృష్ణా గోదావరీ డెల్టాలు రెండును సముద్రమువైపునకు పెరుగగా, వాని నడుమ పల్లముగా మిగిలిన భూభాగమే కొల్లేరు. మన దేశమందలి పెద్ద మంచినీటి సరస్సులలో ఇది యొకటి. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏఱులును, అనేకములగు మురుగుకాలువలును దీనిలో పడుచున్నవి. ఈ నీరు సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరు ఒక్కటియే దారి. అది సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి బంగాళాఖాతమున కలియును. వఱద వచ్చినపుడు సరస్సు ఆ నీటిని తనలో నిలుపుకొని, మెల్లమెల్లగా సముద్రమునకు విడుచును. కావున కొల్లేరు చుట్టుప్రక్కల పొలములకు కాపుదల వంటిది.

కొల్లేటిని చూడగోరువారు కైకలూరునకు సమీపమున నున్న ఆటపాకకు పోయి పడవ నెక్కుదురు. పడవ ఒడ్డు విడిచిన కొంతసేపటికే, నీటిలో నిలిపిన ఇనుప మంచెలపై గూడబాతులు బారులుతీరి కనబడును. గూళ్ళకు చాలినన్ని చెట్లు లేనందున ఈ మంచెలను నిర్మించిరి. గూడబాతు ముక్కుక్రింద తోలుసంచి యుండును. అది ఆ సంచితో చేపలను నీటితోకూడ తోడి, నీటిని వెలికి విడిచి, చేపలను మ్రింగును. శీతకాలమున దూరదేశములనుండియు పక్షులు వచ్చి యిచట విడియును. చూచువారు గూళ్ళకు మరీ దగ్గఱగా పోరాదు. తల్లిపక్షి బెదరి లేచినచో గ్రుడ్లు ఎండపాలగును.

లంకగ్రామములు ఇంకను లోపల నున్నవి. పూర్వము వానికి తాటిదోనెలే రథములు. తాటిమ్రాను మొదలును తొలిచి దోనెను చేయుదురు. లోతు తక్కువ గనుక తెడ్డుకంటె గడకఱ్ఱయే ఎక్కువ ఉపయోగము. దోనె కిక్కిస పొదలను, తుంగను, గుఱ్ఱపుడెక్కను తప్పించుకొనుచు సాగును. కొఱమీను, జెల్ల, వాలుగ మొదలగు చేపలను పట్టుటకు వలలను, వెదురుమావులను వాడుదురు. కొల్లేటికోటలో వెలసిన పెద్దింట్లమ్మ ఈ ప్రాంతీయులకు ఇలవేల్పు. ఫాల్గుణమాసమున జరుగు తిరునాళ్ళకు వేలకొలది జనులు వత్తురు.

నీటిపై బ్రదుకు జనులు ఇతరదేశములందును కలరు. కంబోడియాలోని టోన్లేసాప్ సరస్సు వానకాలమున అనేక అడుగులు పొంగును. అందుచే అచటివారు ఎత్తయిన స్తంభములపై ఇండ్లు కట్టుకొందురు. బర్మాలోని ఇన్లే సరస్సునందును, ఆఫ్రికాలోని బెనిన్ దేశమున గాన్వియే గ్రామమునందును స్తంభములపైననే ఇండ్లున్నవి. కొల్లేటివారు మెఱకదిబ్బలను ఎన్నుకొని, మన్ను పోసి ఎత్తుచేసి, వానిపై ఇండ్లు కట్టిరి. అచట ఇంటిని ఎత్తిరి; ఇచట నేలనే ఎత్తిరి.

1970ల తరువాత కొల్లేటిలో చేపలచెరువులు పెరిగినవి. మొదట మత్స్యకారుల సంఘములు చెరువులు త్రవ్వెను. క్రమముగా వానిలో పెక్కు ధనవంతులైన కౌలుదారుల చేతిలోనికి పోయెను. గట్లు పెరిగినకొలది నీరు పాఱు దారులు మూసికొనిపోయెను. 1999లో ప్రభుత్వము సముద్రమట్టమునకు 5 అడుగుల ఎత్తువఱకు గల 308 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో కొల్లేరు రామ్‌సార్ ఒడంబడిక జాబితాలో చేరెను. 2006లో ఆ హద్దులోని చెరువుల గట్లను తెగగొట్టిరి. దానిచే నీటికి దారి దొరకెను. కాని చెరువులపై కూలి చేసి జీవించు పేదలకు జీవనము పోయెను. అభయారణ్యపు హద్దును 3 అడుగుల ఎత్తునకు తగ్గింపవలెనని కొందఱును, తగ్గింపరాదని కొందఱును వాదించిరి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో పెక్కుపేటలను ముంచెను. ఆ నీరు కొల్లేటిలోనికి చేరగా లంకగ్రామములకు పోవు రోడ్లు మునిగినవి. నగరవాసులు తమ వీధులలో నీరు తీసిన పిమ్మట ఊపిరి పీల్చుకొనిరి. లంకవాసులకు కష్టము అప్పుడే ఆరంభమాయెను. ఎగువవారు విడిచిన నీటిని దిగువవారు మోయవలసియున్నది. పొలమునుండి పాఱు మందునీరును, పట్టణమునుండి పాఱు మురుగును తుదకు ఎవరి వాకిటికో చేరును.

కొల్లేరు పక్షులకు ఇల్లు, మనుష్యులకును ఇల్లే. ఒకరిని వెడలగొట్టి మఱియొకరిని కాపాడుట సులభము. ఇరువురును బ్రదుకు మార్గమును వెదకుట కష్టము. ఆ కష్టమైన పనియే రాబోవు తరమువారికి మిగిలియున్నది.

ప్రశ్నలు
1. కొల్లేరు ఎట్లు ఏర్పడెను?
2. టోన్లేసాప్ ఇండ్లకును, కొల్లేటి ఇండ్లకును గల భేదమేమి?
3. 2006లో చెరువుల గట్లను తెగగొట్టుటచే కలిగిన లాభనష్టములెవ్వి?
4. మీ ఊరి మురుగునీరు ఎచటికి పోవుచున్నదో తెలిసికొని వ్రాయుడు.