సినిమా చూశారు సరే, ఏం చూశారు?

నిన్న రాత్రి మీరో సినిమా చూశారు. పొద్దున ఫ్రెండ్ అడిగాడు, "ఎలా ఉందిరా?" అని. "బాగుంది" అన్నారు మీరు. అంతే. టాపిక్ అక్కడితో క్లోజ్.

మూడు గంటలు పెట్టారు. మిగిలింది ఒక్క మాట.

మీ దగ్గర చెప్పడానికేమీ లేక కాదు. చెప్పే అలవాటు లేక. అలవాటు ఎవరైనా చేసుకోవచ్చు. మీరూ చేసుకుంటారు. దీనికి కోచింగ్ ఫీజు లేదు, తెల్లవారుజామున అలారం పెట్టుకోనక్కర్లేదు. వారానికి ఒక మంచి పాత సినిమా ఇంట్లో కూర్చుని చూడాలి. చూసింది ఒక మనిషికి చెప్పాలి. ప్రోగ్రాం మొత్తం ఇంతే.

చెప్పగలిగినప్పుడే చూడటం పూర్తవుతుందని నేను గట్టిగా నమ్ముతాను. రేపు ఎవరికో చెప్పాలి అనుకుని కూర్చున్న మనిషి చూసే తీరే వేరు. కళ్లు వెతుకుతాయి. చెవులు పట్టుకుంటాయి. ఫోకస్ కోసం వేరే ఎక్సర్‌సైజ్ అక్కర్లేదు.

పాతవే ఎందుకు?

కొత్తవి చూడొద్దని కాదు. నిక్షేపంగా చూడండి. కానీ కొత్త సినిమా గురించి మీరు నోరు తెరిచేలోపే ట్రైలర్లు, రివ్యూలు, రేటింగులు, మీమ్స్ మీ బదులు మాట్లాడేస్తాయి. అందులో మీ అభిప్రాయం ఎంతో, పక్కవాళ్లది ఎంతో మీకే తెలీదు. 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’ గురించి ఈ వారం మీ చెవి దగ్గర ఎవరూ ఊదరగొట్టడం లేదు. మీకు అనిపించిందే మీ మాట.

పైగా ‘మిస్సమ్మ’ కథ వింటే పాతదని అనిపిస్తుందా? ఉద్యోగం దొరకని ఇద్దరు చదువుకున్నవాళ్లు. టీచర్ పోస్టులు భార్యాభర్తలకే ఇస్తామని ప్రకటన. అతను హిందువు, ఆమె క్రిస్టియన్. పెళ్లయిందని అబద్ధం చెప్పి ఉద్యోగంలో చేరిపోతారు. జాబ్ నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తున్న కుర్రాడికి ఇది ఇవాళ్టి కథే.

ఇంకో లాభం కూడా ఉంది. మనవరాలికీ తాతయ్యకీ కలిపి మాట్లాడుకోవడానికి ఓ టాపిక్ దొరకడం ఈ రోజుల్లో ఎంత కష్టమో మీకు తెలుసు. ఈ సినిమాలు ఆ పని తేలిగ్గా చేసిపెడతాయి.

కూర్చునే ముందు

ఒకటి. ఫోన్ పక్క గదిలో పెట్టండి. సైలెంట్‌లో పెట్టి ఒళ్లో ఉంచుకోవడం కాదు. పక్క గదిలో.

రెండు. స్పీడ్ పెంచకండి. ‘మాయాబజార్’ తీసిన కె.వి.రెడ్డి గారు స్టాప్‌వాచ్ పట్టుకుని ప్రతి సీను నిడివి ముందే చూసుకునేవారని సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏ మాట తర్వాత ఎంతసేపు ఆగాలో ఆయన అంత లెక్కగా పెట్టుకుంటే, మనం 1.5 స్పీడ్‌లో పెట్టి ఆ లెక్కంతా చెరిపేస్తున్నాం. హాస్యనటుడు రేలంగి గారి నోట మాట వచ్చేముందు ముఖంలో ఒక చిన్న తడబాటు ఉంటుంది. నవ్వు పుట్టేది అక్కడే. స్పీడ్ పెంచితే ముందు పోయేది అదే.

మూడు. ఇంటర్వెల్ ఇవ్వండి. ఇవి ఇంటర్వెల్ కోసం రాసుకున్న సినిమాలు. సగంలో లేచి, కాఫీ కలుపుకుని, ఇంతవరకు ఏం జరిగిందో, ఇక ఏం జరగొచ్చో మాట్లాడుకోండి. ఒకే రాత్రి కూర్చోవడం కుదరకపోతే శనివారం సగం, ఆదివారం సగం. తప్పేమీ లేదు.

నాలుగు. బ్లాక్ అండ్ వైట్‌కి భయపడకండి. ‘మాయాబజార్’కి 2010లో రంగులద్దారు. పిల్లల్ని కూర్చోబెట్టడానికి అది వాడుకోండి, మంచిదే. కానీ మీరు మాత్రం ఒక్కసారైనా అసలు ప్రింట్ చూడండి. అందులో పడవ మీది వెన్నెల ఉంది చూడండి, అది చంద్రుడిది కాదు. కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీ లైట్లతో పుట్టించిన వెన్నెల. నలుపు తెలుపుల కోసమే పుట్టించింది. పది నిమిషాల్లో కళ్లు అలవాటు పడతాయి. ఆ తర్వాత రంగులు లేవన్న సంగతే గుర్తుండదు.

సినిమాలో ఏం చూడాలి?

కథ అందరికీ తెలుసు కాబట్టి ‘మాయాబజార్’తోనే మొదలుపెడదాం. 1957. విజయా వారి సినిమా. మూడు గంటలు దాటుతుంది.

కూర్చునేముందు ఇంట్లోవాళ్లకి ఒక ప్రశ్న వేయండి. "ఇది పాండవుల అబ్బాయి పెళ్లి కథ కదా, పాండవులు ఎంతసేపు కనిపిస్తారు?" తలా ఒక జవాబు చెబుతారు. సినిమా అయ్యాక లెక్క తేల్చండి. పాండవులు అసలు తెర మీదికే రారు! ఎన్నోసార్లు చూసినవాళ్లకి కూడా ఇది తట్టదు. పింగళి నాగేంద్రరావు గారి రాతలో, కె.వి.రెడ్డి గారి స్క్రీన్‌ప్లేలో ఆ లోటు ఎక్కడా తెలియదు. "చూశాను" అనుకోవడం వేరు, చూడటం వేరు అని ఇంట్లో అందరికీ ఒక్క దెబ్బతో అర్థమవుతుంది.

ఇప్పుడు సావిత్రి గారిని చూడండి. ముందు ఆవిడ శశిరేఖ. తర్వాత శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. అదే ముఖం, అదే నగలు. కానీ భుజాలు మారిపోతాయి. నడక మారిపోతుంది. చూపులో ఘటోత్కచుడిగా వేసిన ఎస్వీ రంగారావు గారు కనిపిస్తారు. పెళ్లి ముచ్చట పాటలో సుశీల గారి గొంతు మధ్యలో ఘంటసాల గారి గొంతు దూరుతుంది. ఆ రెండు గొంతులకీ ఒకే మనిషి ఒళ్లు ఎలా తిప్పిందో గమనించండి. ఒక క్షణం సిగ్గుపడే పెళ్లికూతురు. మరుక్షణం రాక్షసుడి ధీమా. అప్పటికి ఆవిడకి పాతికేళ్లు కూడా లేవు! ఆ పాటని ఒకసారి సౌండ్ తీసేసి చూడండి. ఏ సెకనులో శశిరేఖ, ఏ సెకనులో ఘటోత్కచుడు అన్నది మాట వినకుండానే చెప్పేయగలుగుతారు. బాడీ లాంగ్వేజ్ మీద ఇంతకంటే మంచి క్లాసు నాకు తెలిసి ఎక్కడా లేదు. ఇంటర్వ్యూలకు ప్రిపేరయ్యేవాళ్లు ముఖ్యంగా చూడాలి.

ఇక ప్రియదర్శిని పెట్టె. ఎవరు మూత తీస్తే వాళ్లకు అత్యంత ఇష్టమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు. బలరాముడికి శిష్యుడు దుర్యోధనుడు. రేవతికి నగలు. కృష్ణుడు తీస్తే శకుని! ఎందుకు శకుని? సమాధానం నేను చెప్పను. ఇంట్లో అందరూ కలిసి వాదించుకోండి, అరగంట హాయిగా గడుస్తుంది.

మంచి సినిమా కూడా ఆ పెట్టె లాంటిదే. ఒకే సీను చూసి అమ్మ ఒకటి చెబుతుంది, తమ్ముడు ఇంకొకటి చెబుతాడు. మీకు ఏం కనిపించిందో చెప్పినప్పుడు మీరేమిటో ఎదుటివాళ్లకి తెలుస్తుంది. అందుకే చెప్పమంటున్నాను. అందుకే వినమంటున్నాను కూడా.

ఎలా చెప్పాలి?

కథ చెప్పకండి. ఇది మొదటి రూల్. "ఫస్ట్ వాళ్లిద్దరూ కలుస్తారు, తర్వాత ఏమవుతుందంటే..." అని మొదలుపెడితే రెండో నిమిషంలో ఎదుటివాళ్లు ఫోన్ తీస్తారు.

మూడు విషయాలు చెప్పండి చాలు:

ఒక సీను. మీ మనసులో నిలిచిపోయింది ఏదైనా సరే.
అందులో ఒక వివరం. చెయ్యి, చూపు, వస్తువు, మౌనం.
అది మీకు ఏం గుర్తుచేసిందో.

ఉదాహరణకి ‘మల్లీశ్వరి’. 1951. బి.ఎన్.రెడ్డి గారిది. "ఎక్సలెంట్ మూవీ, మ్యూజిక్ సూపర్" అని చెప్పొచ్చు. లేదా ఇలా చెప్పొచ్చు:

"వాన రాత్రి సత్రంలో మల్లి ఆడుతుంది. మారువేషంలో కృష్ణదేవరాయలు చూస్తాడు. మల్లిని ప్రేమించిన బావ నాగరాజు సరదాకి అనేస్తాడు, మా మల్లికి రాణివాసం పల్లకీ పంపించమని. నిజంగానే పల్లకీ వచ్చేస్తుంది. వాళ్లిద్దరి మధ్యా అంతఃపురం గోడ లేస్తుంది. ఎంత ప్రేమ ఉన్నా, తేలిగ్గా అనేసిన ఒక్క మాట! నిన్న మీటింగులో ఒక అమ్మాయి మీద నేను జోక్‌గా అన్న మాట గుర్తొచ్చింది. పొద్దున్నే ఆ అమ్మాయికి ఫోన్ చేసి మాట్లాడాను."

తేడా చూశారా? రెండోది విన్నవాళ్లు ఆ సినిమా చూస్తారు. చూడకపోయినా మీతో ఇంకో పది నిమిషాలు మాట్లాడతారు. 

నోటితో చెప్పడం మొహమాటమైతే ముందు రాయండి. చిన్న నోట్‌బుక్, సినిమాకి నాలుగు లైన్లు, పడుకునేలోపు. పొద్దున్నే రాద్దాం అనుకుంటే సగం పోతుంది. ఆ నాలుగు లైన్లనే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్‌గా పెట్టండి. గుడ్‌మార్నింగ్ పువ్వుల మధ్య మీ గొంతు వినబడితే ఎవరో ఒకరు తప్పకుండా పలుకుతారు.

పెద్దవాళ్లని అడగడానికి ఒక ప్రశ్న

"నాన్నా, ‘మూగమనసులు’ మీరు ఏ హాల్లో చూశారు?"

"సినిమా బాగుంటుందా?" అని అడిగితే "ఆ, బాగుంటుంది" అంటారు. ఏ హాల్లో చూశారని అడగండి, ఊరు బయటికొస్తుంది. టూరింగ్ టాకీసు, నేల టికెట్టు, ఇసుక పోగుచేసుకుని ఎత్తుగా కూర్చోవడం, రీలు మార్చేటప్పుడు ఈలలు, ఎవరి బండి మీద వెళ్లారో, ఎవరికి చెప్పకుండా వెళ్లారో. గోదావరి పడవ మీద నడిచే ఆ కథ చూసి ఏడ్చినవాళ్లు ఇంకా మన ఇళ్లలో ఉన్నారు. వాళ్లని మాట్లాడించడం మీ చేతిలో పని.

డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్నవాళ్లకి ఇది మరీ పనికొస్తుంది. వీకెండ్ కాల్‌లో "తిన్నారా? మందులు వేసుకున్నారా?" అయ్యాక మాటలు అయిపోతున్నాయి కదా? ఒకే సినిమా ఇటు మీరు, అటు అమ్మానాన్నలు చూడండి. కాల్ టైమ్ దానంతట అదే పెరుగుతుంది. పాతవి చాలావరకు యూట్యూబ్‌లోనే దొరుకుతున్నాయి.

నచ్చకపోతే?

చెప్పండి. నిర్భయంగా చెప్పండి. క్లాసిక్ అన్నారు కదా అని తల ఊపితే మీ వ్యక్తిత్వం పెరగదు. ‘గుండమ్మ కథ’ 1962 నుంచి నవ్విస్తూనే ఉంది, నేనూ పడిపడి నవ్వుతాను. కానీ పొగరున్న పిల్లని దారికి తెచ్చే పద్ధతి ఇవాళ్టి అమ్మాయికి ఒళ్లు మండిస్తే ఆమె మాటలో న్యాయం ఉంది. ‘దేవదాసు’లో నాగేశ్వరరావు గారి నటనకి దండం పెడదాం, ఆ తాగుడికి మాత్రం వద్దు. ప్రేమ పోయిందని సీసా పట్టుకోవడం గొప్పతనమని ఏ కుర్రాడైనా అనుకుంటే పక్కన కూర్చుని మాట్లాడండి.

ఒక్కటే షరతు. నచ్చలేదంటే ఏ సీను, ఎందుకు అని చెప్పాలి. "బోర్" అనే మాట "బాగుంది"కి కవల పిల్ల. రెంటినీ ఇంట్లోంచి పంపేయండి. ఎదుటివాళ్లు చెప్పేటప్పుడు మధ్యలో అడ్డుపడకండి. అమ్మమ్మకి నచ్చిన సీను మీకు నాటకంలా అనిపించొచ్చు. ముందు ఆవిడకి అందులో ఏం కనిపించిందో పూర్తిగా వినండి.

నెల రోజుల కోర్సు

ఒకే నటుణ్ణి పట్టుకోండి. ఎస్వీ రంగారావు గారైతే ఇలా:

మొదటి వారం ‘పాతాళభైరవి’, 1951. నేపాళ మాంత్రికుడు.
రెండో వారం ‘మిస్సమ్మ’. మెత్తటి మనసున్న జమీందారు.
మూడో వారం ‘మాయాబజార్’. ఘటోత్కచుడు. అందులో తల్లి హిడింబిగా వేసిన సూర్యకాంతం గారు నిజానికి ఆయనకంటే ఆరేళ్లు చిన్న!
నాలుగో వారం ‘నర్తనశాల’, 1963. కీచకుడు. జకార్తా ఆఫ్రో-ఏషియన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి అవార్డు తెచ్చిన పాత్ర.

వారంవారం ఒకే ప్రశ్న వేసుకోండి: ఈసారి గొంతు ఎలా మార్చారు? నాలుగో వారానికి మీ చెవి ఎంత పదునెక్కిందో మీకే తెలుస్తుంది. ఆఫీసు కాల్‌లో బాస్ గొంతు మారితే కూడా పసిగట్టేస్తారు.

కెరీర్‌లో ఒకే మూసలో ఇరుక్కున్నాం అనుకునేవాళ్లు నాగేశ్వరరావు గారిని తీసుకోండి. 1953లో ‘దేవదాసు’తో విషాదానికి మారుపేరైపోయారు. రెండేళ్లకే ‘మిస్సమ్మ’లో హాస్యం పండించే డిటెక్టివ్ వేషం, అదీ రెండో స్థానంలో. హీరోగా వెలిగిపోతున్న మనిషి కావాలని ఒప్పుకున్న వేషం. రెండూ వెంటవెంటనే చూడండి. ఇమేజ్ అనేది మనం కట్టుకున్నదే, మనమే విప్పుకోవచ్చు అన్నది ఆ ముఖం మీదే కనిపిస్తుంది.

ఈ శనివారం ఏం చూస్తారో ఇప్పుడే తేల్చేయండి. పిల్లలుంటే ‘మాయాబజార్’. కొత్తగా పెళ్లయితే ‘మిస్సమ్మ’. ఒంటరిగా, తీరిగ్గా ఉంటే ‘మల్లీశ్వరి’. సినిమా పేరు పక్కనే ఆదివారం మీరు ఫోన్ చేయబోయే మనిషి పేరు కూడా రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఆ మనిషికి ఇవాళే ఒక మెసేజ్ పెట్టండి, ఆదివారం ఓ పావుగంట నాకు కావాలని.