అర్ధ మారథాన్ పరుగు: మన మైదానపు విద్యార్థులకొక పాఠము

పరుగు పందెమనగానే మన విద్యార్థులకు పాఠశాల క్రీడాదినమునాటి నూరు మీటర్ల పందెము జ్ఞప్తికి వచ్చును. అందు ఈల వినబడినతోడనే శక్తినంతయు ఒక్కసారిగ వెచ్చించినవాడు గెలుచును. అర్ధ మారథాన్ అట్టిది కాదు. అందు మొదట శక్తిని దాచుకొనినవాడే కడవరకు పరుగిడగలుగును. మన పూర్వవిద్యార్థులు కొందరు హైదరాబాదునకు పోయి ఆ పరుగునందు పాల్గొనుచున్నారు. వారితోకూడ మేమును పరుగిడి చూచితిమి. అది మొదలు పై తరగతులవారును, వారి తలిదండ్రులును మమ్మనేక విషయములడుగుచున్నారు. వానికి సమాధానముగ ఈ పాఠమును వ్రాయుచున్నాము.

దూరము, దాని చరిత్ర

అర్ధ మారథాన్ దూరము 21 కిలోమీటర్ల 97½ మీటర్లు. గుంటూరునుండి మంగళగిరికి గాని, ఒంగోలునుండి టంగుటూరునకు గాని ఉన్న దూరమునకు ఇది ఇంచుమించు సమానము. సంపూర్ణ మారథాన్ దీనికి రెట్టింపు.

క్రీ. పూ. 490వ సంవత్సరమున గ్రీసుదేశమందలి మారథాన్ మైదానమున ఏథెన్సువారు పారసీకులను జయించిరి. ఆ విజయవార్తను ఒక వార్తాహరుడు ఏథెన్సునకు పరుగున తెచ్చి, చెప్పినతోడనే ప్రాణములు విడిచెనని కథ కలదు. కాని ఆ యుద్ధకాలమునకు సమీపమున నుండిన చరిత్రకారుడు హెరొడోటసు ఈ మరణకథను చెప్పలేదు. ఏథెన్సునుండి స్పార్టాకు సహాయము కోరుటకై పరుగిడిన ఫీడిప్పిడీసు వృత్తాంతమును మాత్రమే ఆతడు వ్రాసెను. మరణకథ శతాబ్దములు గడచిన పిమ్మట పుట్టినది. కావున ప్రాణము పోవువరకు పరుగిడుటయే వీరత్వమని మన బాలురు తలపరాదు. 1896వ సంవత్సరమున ఏథెన్సులో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్ క్రీడలలో మారథాన్ గెలిచిన స్పిరిడాన్ లూయీ నీళ్లు మోసి బ్రతుకు సామాన్యుడు. 1908లో లండను క్రీడలందు పరుగిడిన 42 కిలోమీటర్ల 195 మీటర్ల దూరమే 1921లో శాశ్వత ప్రమాణముగ నిర్ణయింపబడెను.

స్త్రీలకు ఇంతటి దూరము తగదని పెద్దలు చిరకాలము వాదించిరి. 1967లో అమెరికాయందలి బోస్టను పందెమున కాథరిన్ స్విట్జరను యువతి పరుగిడుచుండగా, నిర్వాహకుడొకడు ఆమెను పట్టి వెలుపలికి లాగజూచెను. అయినను ఆమె పరుగు ముగించినది. 1984లో లాస్ ఏంజెలీసు ఒలింపిక్ క్రీడలలో స్త్రీల మారథాన్ మొదటిసారి చేర్చబడి, జోన్ బెనాయిట్ గెలిచెను. కుమార్తెను పంపుటకు సందేహించు తలిదండ్రులు ఈ చరిత్రను గమనింతురుగాక. తెల్లవారుజామున ఆడపిల్ల ఒంటరిగ పోవుట ఎట్లని వారడుగుట న్యాయమే. దానికి ఉపాయము పరుగు మాన్పించుట కాదు. నలుగురు కలిసి పోవుట, పెద్దలొకరు సైకిలుమీద వెంట నుండుట.

దేహము పనిచేయు విధము

మనము తినిన అన్నములోని పిండిపదార్థము గ్లైకోజెను అను రూపమున కండరములందును, కాలేయమునందును నిలువయుండును. వేగము హెచ్చిన కొలది ఈ నిలువ త్వరగ తరుగును. మెల్లగ పరుగిడునప్పుడు దేహము క్రొవ్వునుగూడ హెచ్చు పాలు వాడుకొనును. మొదటి మైళ్లలో తొందరపడినవారు కడపటి మైళ్లలో కాళ్లు కదలక నిలిచిపోవుటకు ముఖ్యకారణములలో ఇది యొకటి.

మరియొక సంగతి. కొద్ది వారముల అభ్యాసముతో గుండెయు, ఊపిరితిత్తులును బలపడును. ఎముకలును, కండరములను ఎముకలకు కట్టియుంచు నరములవంటి తాళ్లును అంత త్వరగ బలపడవు. వానికి నెలలు పట్టును. ఊపిరి ఆడుచున్నదిగదా యని దూరమును ఒక్కసారి పెంచినవాడు మోకాలి నొప్పితోనో, పిక్క నొప్పితోనో మంచమెక్కును.

మన నేలలో అభ్యాసము

హైదరాబాదు మారథాన్ 2011లో ప్రారంభమైనది. అది సాధారణముగ ఆగష్టు నెలాఖరున జరుగును. సిద్ధపడుటకు పదునారు వారములు కావలయును. వెనుకకు లెక్కించినచో అభ్యాసము మే నెల మొదటనే ఆరంభింపవలెను. మన కష్టమంతయు ఇచ్చటనే యున్నది. మే నెలలో గుంటూరు, ఒంగోలు ప్రాంతములందు ఎండ 40 డిగ్రీలను దాటును. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, సూర్యుడు పైకి రాకమునుపే ఇల్లు చేరగలవాడే ఈ పనికి పూనుకొనవలెను. వీలులేనివాడు ఒక యేడు ఆగి, శీతకాలపు పందెము నెన్నుకొనుట మేలు.

అయిదు కిలోమీటర్లు నొప్పిలేక పోగలిగినవాడు వారమునకు నాలుగు దినములు పరుగిడిన చాలును. మూడు దినములు కొద్దిదూరము, ఆదివారము దీర్ఘదూరము. ఆదివారపు దూరమును ఆరు కిలోమీటర్లతో మొదలిడి, మూడు వారములు ఒక్కొక్క కిలోమీటరు చొప్పున పెంచి, నాలుగవ వారము తగ్గించి, కాళ్లు అలవడిన పిమ్మట ఒకటిరెండు చొప్పున పెంచుచు, క్రమముగ పదునేడు పదునెనిమిది వరకు తేవలెను. కడపటి రెండు వారములు విశ్రాంతికి విడువవలెను. ప్రక్కవానితో మాటలాడుచు పోగలిగినంత వేగమే సరియైన వేగము. మాట తెగి ఆయాసము వచ్చెనేని వేగము మించినదని తెలియవలెను.

స్థలమునుగూడ చూచుకొనవలెను. మన నల్లరేగడి వాన కురియగనే చెప్పులకు ముద్దలై అంటును. ఎండలో నెర్రెలు విచ్చి చీలమండ మడతపడజేయును. కాలువగట్ల బాటలు మంచివి. మిరపకోతల కాలమున, అనగా జనవరి మొదలు ఏప్రిలు వరకు, గుంటూరు మిర్చియార్డుకు పోవు బాటలందు లారీల రద్దీయు, కారపు ఘాటును హెచ్చు, అచ్చట పరుగిడరాదు. పత్తిచేలకు మందు కొట్టుచున్న దినమున ఆ చేల ప్రక్క పోరాదు. హైదరాబాదు బాటలు మన బాటలవలె చదునుగ నుండవు. ఎక్కుడు దిగుడులు మెండు. కాబట్టి నెలకు రెండు పర్యాయములు కోటప్పకొండ ఘాటు బాటనో, కొండవీటి ఘాటు బాటనో, వాహనములు లేని వేళ మెల్లగ ఎక్కి అలవాటు చేసికొనవలెను.

నీరు, ఆహారము, ఎండదెబ్బ

చెమట ఆరుటచేత దేహము చల్లబడును. గాలిలో తేమ హెచ్చినచో చెమట ఆరదు. కావున మబ్బు పట్టిన ఆగష్టు ఉదయమునగూడ వేడి దేహమునందు నిలిచిపోవచ్చును. దాహమైనప్పుడు కొద్దికొద్దిగ త్రాగవలెను. దాహము లేకున్నను చెంబులకొలది త్రాగుటయు ప్రమాదమే; రక్తమందలి ఉప్పు పలుచనై మూర్ఛ రావచ్చును. అభ్యాసము ముగిసిన తరువాత ఉప్పు వేసిన మజ్జిగ మన యింట దొరకు మంచి పానీయము. పందెపు ముందురాత్రి అన్నము, పప్పు, పెరుగు చాలును. మన గుంటూరు కారమును, ఊరగాయను ఆ యొక్క రాత్రికి అలమరలోనే యుంచవలెను. పందెము నాడు క్రొత్త జోడు గాని, క్రొత్త ఆహారము గాని పనికిరాదు.

తలనొప్పి, వాంతి, వణకు, మాట తడబడుట, దారి తెలియకపోవుట కనబడినచో వెంటనే నిలువవలెను. అట్టివానిని నీడకు చేర్చి, ఒంటిమీద చల్లని నీరు పోసి, విసరుచు, 108కి ఫోను చేయవలెను. గుండెలో నొప్పి యున్నను, జ్వరము తగిలి మానిన కొద్దిదినములకైనను పరుగిడరాదు.

పందెము నాడు

మేము పరుగిడిన యేట బాట నెక్లెస్ రోడ్డున మొదలై, నగరమధ్యమున పైవంతెనలనెక్కి, గచ్చిబౌలి క్రీడారంగమున ముగిసినది. చీకటిలోనే వేలకొలది జనులు చేరిరి. తుపాకి మ్రోగగానే పెక్కురు బాణములవలె మమ్ము దాటిపోయిరి. ఎత్తుబాటలు వచ్చునప్పటికి వారిలో అనేకులు నడుమున చేతులుంచుకొని నడచుచుండిరి. నెరసిన తలల పెద్దలు కొందరు మొదటి అడుగు వేసిన వేగముతోనే వారిని దాటిపోవుచుండిరి. నిదానమే ప్రధానమని మనవారనుమాటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము మాకు కానరాలేదు.

వెనుక నిలిచినవారికి అన్యాయము జరుగునను భయము వలదు. పరుగిడువాని అంకెబిళ్లలో చిప్ అను చిన్న యంత్రభాగముండును. బయలుదేరు గీటు దాటినప్పటినుండి ముగింపు గీటు దాటువరకు వాని కాలమును అది వేరుగ లెక్కించును. విద్యార్థులు ఈ లెక్కను చేసికొనవచ్చును: కిలోమీటరునకు 8 నిమిషముల చొప్పున పోవువాడు 2 గంటల 48 నిమిషముల 47 సెకనులలో ముగించును. మొదటి కిలోమీటరున ఒక నిమిషము మిగిల్చి, కడపటి అయిదింటిలో రెండేసి నిమిషములు పోగొట్టుకొనువాడు లాభపడెనా, నష్టపడెనా? లెక్కవేసి చూడుడు.

అంగడి ఇంకను తెరువని వేళ నీళ్లబల్లలయొద్ద నిలిచి, ముక్కుమొగము తెలియనివారికి నీరందించిన యువకులనుగూర్చియు చెప్పవలెను. పరుగిడలేనివారికి ఆ సేవయే పాల్గొనుట. త్రాగిన గ్లాసును బాటలో పారవేయక తొట్టిలో వేయుట పరుగిడువాని మర్యాద.

తుదిమాట

పదునెనిమిది యేండ్లు నిండనివారిని పెక్కు పందెములలో అర్ధ మారథానునకు చేర్చుకొనరు; అది మంచి నియమము. ఎదుగుచున్న ఎముకలకు తొందర పనికిరాదు. మన బాలబాలికలు ఇప్పుడు అయిదు కిలోమీటర్ల పరుగుతో తృప్తిపడి, దేహమును సిద్ధపరచుకొందురుగాక. అందరికన్న ముందు వచ్చువాడు ఒక్కడే. కాని మే నెల తెల్లవారుజాములలో లేచిన ప్రతివాడును తాను నిరుడు చేయలేని పనిని ఈ యేడు చేసినవాడగును. అట్టివాడు మూడుగంటలకు గీటు దాటినను, నాలుగు గంటలకు దాటినను, మన పాఠశాలకు గౌరవము తెచ్చినవాడే యని మా యభిప్రాయము.