తల్లి నేర్చుకోవలసిన మాతృభాష

మాతృభాష అంటే ఏమిటని అడిగితే, తల్లి ఒడిలో నేర్చుకున్న భాష అని మనలో ఎవరైనా చెప్పగలరు. మన కళాశాలలో తెలుగు మాతృభాషగా గలవారు ఉన్నారు, ఉర్దూ మాతృభాషగా గలవారు ఉన్నారు. వీరిలో ఎవరినీ కూర్చోబెట్టి మాట్లాడడం నేర్పినవారు లేరు. తల్లి వంట చేస్తూ, పొరుగింటివారితో ముచ్చటిస్తూ, బిడ్డను జోకొడుతూ ఉండగా ఆ భాష చెవిన పడింది, పడినది నిలిచిపోయింది. ఈ ఏర్పాటంతా చెవి మీద ఆధారపడి ఉన్నదని మనకు తోచదు. వినబడని బిడ్డ పుట్టిన ఇంట్లోనే ఆ సంగతి తెలిసివస్తుంది.

బధిరులైన పిల్లల్లో నూటికి తొంభైమందికి పైగా వినగల తల్లిదండ్రులకే పుడుతున్నారు. అంటే, ఆ బిడ్డకు సులభంగా పట్టుబడే భాష ఇంట్లో ఎవరికీ తెలియదన్నమాట. మిగిలిన పిల్లల విషయంలో భాష పెద్దల నుండి పిన్నలకు దిగి వస్తుంది. ఇక్కడ పెద్దలే ముందుగా వెళ్ళి దానిని సంపాదించుకొని రావాలి. అది కూడా త్వరగా జరగాలి, ఎందుకంటే పసితనం ఎవరికోసమూ ఆగదు.

ఈ విషయం మీద నాకు ఆసక్తి పుస్తకాల వల్ల కలిగినది కాదు. మా అక్కయ్య కుమారుడు పుట్టుకతోనే బధిరుడు. ఆ సంగతి మాకు తెలిసేసరికి వాడికి రెండున్నర ఏళ్ళు నిండాయి. ఇంత ఆలస్యం ఎలా జరిగిందని చాలామంది అడుగుతారు. బధిర శిశువు కూడా తొలి మాసాల్లో ఊకొడతాడు, నవ్వుతాడు, గొంతుతో ఆడుకుంటాడు. కొన్ని నెలలు గడిచిన తరువాతనే మిగతా పిల్లలకూ వాడికీ తేడా కనిపించడం మొదలవుతుంది. అప్పుడు కూడా "మగపిల్లలకు మాటలు ఆలస్యం" అని అమ్మమ్మలు ధైర్యం చెబుతారు. మా వాడు తలుపు తోసిన గాలికి, నేల అదురుకు తిరిగి చూసేవాడు. మేము పిలుపుకు చూశాడనుకున్నాం. ఒకనాడు వాడి వెనుక స్టీలు బిందె జారి పడింది. ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడ్డాము. వాడు మాత్రం తల తిప్పకుండా ఆడుకుంటూనే ఉన్నాడు. (ఈనాడు అనేక ఆసుపత్రులలో పుట్టిన కొద్దిరోజులకే వినికిడి పరీక్ష చేసే యంత్రాలు ఉన్నాయి. అయినా ఆ పరీక్ష జరగకుండానే ఇంటికి చేరే పిల్లలు మన జిల్లాల్లో ఎందరో.)

పరీక్షించిన వైద్యుడు వినికిడి యంత్రం వ్రాసి ఇచ్చాడు. దానితోపాటు ఒక సలహా కూడా ఇచ్చాడు: "ఇంట్లో ఎవరూ సైగలు చేయకండి. సైగలు అలవాటైతే మాటలు రావు." అక్కయ్య ఆ మాటను శిరసావహించింది. నీళ్ళకోసం బిడ్డ బొటనవేలు నోటివైపు చూపితే ఆమె చేతులు వెనుకకు పెట్టుకొని "నీళ్ళు అను, నీళ్ళు అను" అనేది. పెదవులు చూసి చూసి వాడు ఏడ్చేవాడు. ఏడాదిన్నర ఇలా గడిచింది. ఆ ఏడాదిన్నరలో వాడికి పట్టుమని పది మాటలు కూడా రాలేదు. వైద్యుడు దుర్మార్గుడు కాడు. తాను చదువుకున్నదే చెప్పాడు. అయితే ఆ సలహా ఎక్కడ పుట్టినదో తెలుసుకోవలసిన అవసరం మనకు ఉంది.

1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో బధిరుల ఉపాధ్యాయుల మహాసభ జరిగింది. పాఠశాలల్లో సైగలకు చోటు ఉండరాదని, పెదవుల కదలికను చూసి గ్రహించడం, నోటితో పలకడం మాత్రమే నేర్పాలని ఆ సభ తీర్మానించింది. ఓటు వేసినవారు దాదాపు అందరూ వినగలవారే. ఆ తీర్మానం ఐరోపా, అమెరికాల మీదుగా ప్రపంచమంతటా వ్యాపించి, నూరేళ్ళ వరకు పెత్తనం చేసింది. బధిరులు ఉపాధ్యాయ పదవులు పోగొట్టుకున్నారు. తరగతిలో సైగ చేసిన పిల్లల చేతులపై బెత్తం పడింది. 2010లో వాంకూవర్‌లో సమావేశమైన అదే మహాసభ ఆనాటి తీర్మానాల పట్ల విచారం ప్రకటించింది. ఆ విచారం మా వైద్యుడి గది వరకు చేరలేదు.

మిలాన్ సభకు ముందు పరిస్థితి ఇలా ఉండేది కాదు. అందుకు ఒక వినగల తండ్రి కథే సాక్ష్యం. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో మేసన్ కాగ్స్‌వెల్ అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన కుమార్తె ఆలిస్ పసితనంలో జ్వరం వచ్చి వినికిడి కోల్పోయింది. 1814లో పొరుగింటికి వచ్చిన థామస్ గాలొడెట్ అనే యువకుడు ఆమెను చూసి, తన టోపీని చూపి, ఆ మాటను నేలమీద అక్షరాలతో వ్రాశాడట. కాగ్స్‌వెల్ తన కుమార్తె కోసం, ఆమె వంటి ఇతర పిల్లల కోసం పట్టణంలో చందాలు పోగుచేసి, బోధనాపద్ధతి నేర్చుకొని రమ్మని గాలొడెట్‌ను ఐరోపాకు పంపాడు. బ్రిటన్‌లోని పాఠశాలలు తమ పద్ధతిని రహస్యంగా దాచుకున్నాయి. పారిస్ పాఠశాల మాత్రం తలుపులు తెరిచింది. అక్కడి ఉపాధ్యాయుడు లారెంట్ క్లెర్క్, తాను బధిరుడై ఉండి కూడా, 1816లో గాలొడెట్ వెంట ఓడ ఎక్కాడు. ప్రయాణంలో క్లెర్క్ ఇంగ్లీషు నేర్చుకుంటే గాలొడెట్ సైగలు నేర్చుకున్నాడు. 1817 ఏప్రిల్‌లో హార్ట్‌ఫర్డ్‌లో పాఠశాల తెరుచుకుంది. తొలి విద్యార్థులలో ఆలిస్ ఒకతె. ఒక తండ్రి తన బిడ్డకు భాష కావాలని పట్టుపట్టడం వల్ల అమెరికాలో బధిరుల విద్యకు పునాది పడిందని చెప్పవచ్చు.

సైగలు నిజమైన భాషేనా అన్న సందేహం చదువుకున్నవారిలో కూడా ఉంది. 1960లో విలియం స్టోకీ అనే ఇంగ్లీషు అధ్యాపకుడు, అమెరికా బధిరుల సైగలను భాషాశాస్త్ర పద్ధతిలో పరిశీలించి, మాటలో ధ్వనులు ఉన్నట్లే ప్రతి సైగలోనూ హస్తం ఆకారం, ఉండే చోటు, కదలిక అనే అంశాలు ఉన్నాయని నిరూపించాడు. 1991లో ప్రచురితమైన మరొక పరిశోధనలో, సైగలు చేసే బధిరుల ఇళ్ళలో పుట్టిన బధిర శిశువులు, మన పిల్లలు "బాబాబా" అన్నట్లే, వేళ్ళతో ముద్దు పలుకులు పలుకుతారని తేలింది. మెదడు కోరుకొనేది భాషనే గాని శబ్దాన్ని కాదని దీనివల్ల తెలుస్తున్నది.

వినగల తల్లిదండ్రులు ఎంత నేర్చినా, పుట్టుకతో వచ్చినవారితో సరితూగలేరు కదా, వారి అరకొర సైగలు బిడ్డకు ఏం ప్రయోజనమని కొందరు అడుగుతారు. 2021లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం దీనికి సమాధానం చెప్పింది. వినగల తల్లిదండ్రుల బధిర శిశువులు ఆరునెలల లోపే సంజ్ఞాభాషకు పరిచయమైతే, వారి పదసంపద వయసుకు తగినట్లే పెరుగుతున్నదట. తల్లి వ్యాకరణం తప్పినా బిడ్డ నష్టపోవడం లేదు. తల్లి మౌనంగా ఉంటేనే నష్టపోతున్నాడు. వినికిడి యంత్రమో, శస్త్రచికిత్సతో అమర్చే కాక్లియర్ పరికరమో వద్దని నేను అనడం లేదు. అవి పనిచేసినచోట ఎంతో మేలు చేస్తున్నాయి. అవి పనిచేసేవరకు, పనిచేయనిచోట, రాత్రి తీసి పక్కన పెట్టినప్పుడు కూడా బిడ్డకు ఒక భాష ఉండాలి. మాటకూ సైగకూ వైరం లేదు.

భాష దొరకని పిల్లవాడు చేతులు ముడుచుకొని కూర్చోడు. సుసాన్ గోల్డిన్-మెడో అనే పరిశోధకురాలు అమెరికాలోను, తైవాన్‌లోను ఇటువంటి పిల్లలను పరిశీలించింది. ఎవరూ నేర్పకుండానే వారు ఇంటి సైగలను సృష్టించుకుంటారు. ఆ సైగలలో ఒక క్రమం ఉంటుంది. అది తల్లులు చేసే సైగల కంటె మెరుగైన క్రమం. మా వాడు కూడా నాలుగేళ్ళకే నన్ను కళ్ళజోడు సైగతో, పాలవాడిని గంట మోగించే సైగతో పిలిచేవాడు. కాని ఇంటి సైగ ఇల్లు దాటదు. దానితో నిన్నటి సంగతి చెప్పడం కష్టం; "ఎందుకు" అని అడగడం మరీ కష్టం.

ఇక మన దేశపు సంజ్ఞాభాష సంగతి. తానే బధిరుడైన మదన్ వసిష్ఠ, కొందరు అమెరికా పరిశోధకులతో కలిసి 1980 ప్రాంతంలో ఢిల్లీ సైగలపై పుస్తకం తెచ్చేవరకు దానిని శాస్త్రీయంగా పట్టించుకున్నవారు అరుదు. ఆ తరువాత ఉల్రికె జేషన్ అనే భాషావేత్త ఢిల్లీలోను, కరాచీలోను పరిశోధించి, మాటల్లో కొన్ని తేడాలున్నా రెండుచోట్ల వ్యాకరణం ఒకటేనని 2000లో ప్రకటించింది. మన పత్రికకు ఇది ఆసక్తికరమైన విషయం. ఉర్దూ మాట్లాడే ఇంట్లో పుట్టిన బధిర బాలుడు, తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టిన బధిర బాలిక ఒకే సైగలతో మాట్లాడుకుంటారు. వారి తల్లులకు మాత్రం దుబాసీ కావలసి రావచ్చు!

ఈ భాషలో స్త్రీ అనడానికి ముక్కుపుడక పెట్టుకొనే చోటును, పురుషుడు అనడానికి మీసాన్ని సూచిస్తారు. ప్రశ్నపదం వాక్యం చివరకు వస్తుంది: "నువ్వు వెళ్ళు ఎక్కడికి" అన్నట్లు. "లేదు", "కాదు" అనేవి కూడా చివరనే. మన క్రియ వాక్యాంతంలో ఉన్నట్లే అక్కడా ఉంటుంది కాబట్టి తెలుగువారికి, ఉర్దూవారికి ఈ వరుస ఇంగ్లీషువారికి ఉన్నంత కొత్తగా ఉండదు. పెద్దలకు కష్టమయ్యేది చేతులు కాదు, ముఖం. కనుబొమలు ఎత్తితే అవునా కాదా అనే ప్రశ్న అవుతుంది. ముఖంలో భావం చూపడం అమర్యాదగా పెరిగిన మన గృహిణులకు ఇది మొదట సిగ్గనిపిస్తుంది. మరొక చిక్కు చూపు. వినగల బిడ్డ బొమ్మను చూస్తూనే తల్లి మాట వింటాడు. బధిర బిడ్డకు రెండూ కంటితోనే జరగాలి. కాబట్టి తల్లి ఆగాలి. వాడు తల ఎత్తేవరకు వేచి ఉండాలి, లేదా భుజం తట్టాలి, లేదా వాడు చూస్తున్న బొమ్మ దగ్గరకే తన చేతిని తీసుకొనిపోవాలి. బధిరులైన తల్లులకు ఈ ఓర్పు సహజంగానే ఉంటుంది. మా అక్కయ్యకు అది రావడానికి రెండేళ్ళు పట్టింది.

నేర్చుకొనే మార్గాలు నేడు ఉన్నాయి. 1983లో బొంబాయిలో స్థాపించబడిన జాతీయ బధిరుల సంస్థకు, మన హైదరాబాదు వాసి, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. దాని ప్రాంతీయ కేంద్రం సికిందరాబాదులో ఉంది. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది; అది 2021 నాటికి పదివేల పదాల నిఘంటువును దృశ్యరూపంలో సిద్ధం చేసింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సంజ్ఞాభాషను గుర్తించింది. అక్కయ్య మాత్రం తొలి పాఠాలు వీటిలో వేటివద్దా నేర్చుకోలేదు. మా వీధి చివర బట్టలు కుట్టే ఒక బధిర యువతి ఆమెకు గురువు. వారానికి మూడు మధ్యాహ్నాలు, కుట్టుమిషను పక్కన ముక్కాలిపీట వేసుకొని నేర్చుకుంది. నిఘంటువులో సైగలు దొరుకుతాయి. పరిహాసం, కోపం, బుజ్జగింపు మనిషి దగ్గరే దొరుకుతాయి.

ఇక మా బావగారి సంగతి చెప్పక తప్పదు. ఆయన మంచి మనిషి. కొడుకు కోసం అప్పు చేసి యంత్రం కొన్నారు. కాని ఆయనకు వచ్చిన సైగలు ఇరవైకి మించవు: తిను, పడుకో, రా, వద్దు, చదువు. అన్నీ ఆజ్ఞలే. రాత్రి భోజనాల దగ్గర మేమంతా ఏదో మాటకు నవ్వితే మేనల్లుడు అందరి ముఖాలూ చూసి, ఏమిటని సైగ చేసేవాడు. "తరువాత చెబుతాను" అనేవారు ఆయన. ఆ తరువాత ఎన్నడూ వచ్చేది కాదు. నేను కూడా అలాగే అన్నవాడినే.

గత సంవత్సరం ఒక రాత్రి వాడు, పదకొండేళ్ళవాడు, కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. అక్కయ్య వెనుకనే వెళ్ళి అడిగితే వాడు చేసిన సైగలను ఆమె మాకు తెలుగులో చెప్పింది: "మీరంతా తింటూ మాట్లాడుకుంటారు, నేను తినడానికే వస్తాను." బావగారు ఆ రాత్రి ఏమీ అనలేదు. మరుసటి ఆదివారం వాడిని పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకొని, తన రెండు చేతులూ వాడి ముందు చాపారు. అప్పటినుండి ఆదివారాలు కొడుకే ఆయనకు పాఠం చెబుతున్నాడు. తప్పు చేస్తే వేళ్ళు పట్టి సరిదిద్దుతున్నాడు; కనుబొమలు ఎత్తడం మరచినప్పుడు మాత్రం విసుక్కుంటున్నాడు.